యాడ్ ఏజెన్సీకి ‘కంప్లయన్స్ సర్టిఫికెట్’ తప్పనిసరా? ఆడిట్ వస్తే ఏం చూపించాలి?

అనంతపురంలో ఈ మధ్యే చిన్న యాడ్ ఏజెన్సీ పెట్టుకున్న ఒకరు అడిగింది క్లుప్తంగా ఇది: "ఒక కన్సల్టెంట్ ఫోన్ చేసి, యాడ్ ఏజెన్సీలకు ఇప్పుడు కంప్లయన్స్ సర్టిఫికెట్ తప్పనిసరి, డబ్బు కడితే ఆడిట్ చేసి ఇస్తాం, లేకపోతే పది లక్షల ఫైన్ పడుతుంది అంటున్నాడు. నిజమేనా? క్లయింట్ చెప్పిందే కదా మనం వేసేది, తప్పుంటే మన మీదికి ఎందుకొస్తుంది? కంపెనీ డీలర్ల పనులు తీసుకుంటే ఆడిట్ ఉంటుందట, దానికి ఏం పెట్టుకోవాలి? దసరాకు ఒక బట్టల షాపు వాళ్లు లక్కీ డ్రా యాడ్ వేయమంటున్నారు, వేయొచ్చా?"

సూటిగా చెప్తాను: అలాంటి సర్టిఫికెట్ ఏదీ లేదు, రూపాయి కూడా కట్టొద్దు. ఒక ఏజెన్సీ వేసే యాడ్స్ అన్నీ చట్టప్రకారం ఉన్నాయని ముద్ర కొట్టి ఇచ్చే ప్రభుత్వ సంస్థ మన దేశంలో లేదు. ముంబైలో 1985 నుంచి నడుస్తున్న ఆస్కీ ఉంది, అంటే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, కానీ అది పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంస్థ. ఫిర్యాదు వస్తే విచారించి యాడ్ మార్చమని, తీసేయమని చెప్తుంది తప్ప ఏజెన్సీలకు లైసెన్సులు ఇవ్వదు, అందులో సభ్యత్వం కూడా తప్పనిసరి కాదు. అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, కేబుల్ టీవీ నిబంధనల్లో ఆస్కీ కోడ్‌ను చేర్చారు కాబట్టి లోకల్ కేబుల్‌లో వేసే యాడ్‌కు అది చట్టంతో సమానమే.

అయితే పది లక్షల మాట మాత్రం అబద్ధం కాదు. ఈ కన్సల్టెంట్ల వ్యాపారం నడిచేదే అలా, సగం నిజం చెప్పి భయపెట్టి మిగతా సగం అమ్ముకోవడం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ, మనం సీసీపీఏ అంటాం, ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుకైనా, అందులో నటించి సిఫారసు చేసినవాళ్లకైనా అది మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ అదే పని చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. సిఫారసు చేసినవాళ్లను ఏడాది పాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ఏ యాడ్‌లోనూ కనిపించకుండా ఆపొచ్చు. మీ ఊళ్లో ఇన్‌స్టా రీల్స్ చేసే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, మీరైనా చెప్పండి.

నేను మొదట కడపలో ఒక దినపత్రిక ఎడిషన్‌లో యాడ్స్ డెస్క్ చూశాను, తర్వాత కర్నూలులో సొంతంగా ఏజెన్సీ పెట్టుకున్నాను. ప్రొద్దుటూరు బంగారం షాపులు, నంద్యాల కోచింగ్ సెంటర్లు, తాడిపత్రి వైపు సిమెంటు డీలర్లు, ఇలా అన్ని రకాల పనులూ చూశాను. నోటీసు వచ్చినా, ఆడిట్ వచ్చినా మనల్ని గట్టెక్కించేది ఒక్కటే. యాడ్‌లో రాసిన ప్రతి గొప్పకూ, ఆ యాడ్ బయటికి పోయిన తారీఖు కంటే ముందు తారీఖుతో ఒక కాగితం మన ఫైల్లో ఉండాలి. గోడకు తగిలించే సర్టిఫికెట్ అప్పుడు ఎందుకూ పనికిరాదు.

ఇక మీ రెండో ప్రశ్న, క్లయింట్ చెప్పిందే వేశాం కదా అనేది. ఈ మాట 2022కు ముందు కొంతవరకు చెల్లేది. 2022 జూన్ 9న సీసీపీఏ తెచ్చిన మార్గదర్శకాల్లో తయారీదారు, సేవలందించేవాడు, ప్రకటనదారు, వీళ్ల పక్కనే అడ్వర్టైజింగ్ ఏజెన్సీ అని పేరు పెట్టి రాశారు. యాడ్‌లో రుజువు చూపగలిగే విషయం ఏది చెప్పినా దానికి ఆధారం ఉండేలా చూసుకోవాల్సిన బాధ్యత ఏజెన్సీకీ ఉంది, అడిగినప్పుడు చూపించాలి. ఏదో సర్వే ప్రకారం అని రాస్తే ఆ సర్వే ఎవరిది, ఎప్పటిది అన్నది కూడా యాడ్‌లోనే ఉండాలి. కాబట్టి ‘మా దగ్గర డిజైన్ మాత్రమే చేయించుకున్నారు’ అని చేతులు దులుపుకోవడానికి లేదు.

ప్రచురించేవాళ్లకు చట్టంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. మామూలు వ్యాపారంలో భాగంగా వేశామని పత్రికగానీ, ఛానల్‌గానీ వాదించుకోవచ్చు. కానీ ఆ యాడ్ ఆపమని గానీ, మార్చమని గానీ ఆర్డర్ వచ్చిందని తెలిసి కూడా వేస్తే ఆ వాదన చెల్లదు. అందుకే క్లయింట్‌కు ఏ నోటీసు వచ్చినా మాకు అదే రోజు చెప్పాలని నేను అండర్‌టేకింగ్‌లో, అంటే హామీ పత్రంలో, రాయించుకుంటాను. ఎక్కువ మంది చెప్పరు, మొహమాటమో భయమో. ఎవరో పత్రికలో చూసి మనకు ఫోన్ చేస్తే తప్ప తెలియదు.

2024లో జరిగిన గొడవ కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కన్సల్టెంట్లు పుట్టుకొచ్చింది అప్పటి నుంచే. తప్పుడు ఔషధ ప్రకటనల మీద సుప్రీంకోర్టులో నడిచిన కేసులో 2024 మే 7న వచ్చిన ఆదేశంతో, జూన్ 18 నుంచి ప్రతి కొత్త యాడ్‌కూ ముందుగా సెల్ఫ్ డిక్లరేషన్ పెట్టాలన్నారు. టీవీ, రేడియోకు ఒక పోర్టల్, పత్రికలకు, డిజిటల్‌కు ప్రెస్ కౌన్సిల్ పోర్టల్. ఆ వారం రోజులు ఎంత టెన్షన్ పడ్డామో, ‘శ్రద్ధాంజలి’ యాడ్‌కు కూడా డిక్లరేషన్ కావాలా అని అడిగినవాళ్లున్నారు. జూలై 3న సమాచార ప్రసార శాఖ దాన్ని ఆహార, ఆరోగ్య రంగాలకు పరిమితం చేసింది, అది కూడా ఏడాదికోసారి. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, అదైనా మనకు మనం రాసి ఇచ్చుకునే హామీనే, ఎవరో వచ్చి పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. మధ్యలో కన్సల్టెంట్‌కు పనేముంది?

ఏజెన్సీకి సర్టిఫికెట్ లేదు గానీ క్లయింట్ల వ్యాపారాలకు మాత్రం చాలా ఉంటాయి, మనం చూడాల్సింది అవే. మన వైపు ఎక్కువగా తగిలేవి చెప్తాను.

గానుగ నూనె. అనంతపురంలో మీకు మొదట దొరికే క్లయింట్లలో ఒకరు వేరుశనగ గానుగ పెట్టినవాళ్లే అయి ఉంటారు. వాళ్లు తెచ్చే మేటర్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది: 100% స్వచ్ఛం, కొలెస్ట్రాల్ లేదు, గుండెకు మంచిది, డాక్టర్లు సిఫారసు చేసినది. మొన్న ఒకాయన లేబుల్, కరపత్రం, రెండూ టేబుల్ మీద పరిచి "దీంట్లో తప్పేముంది సామీ, నిజంగానే కల్తీ లేదు కదా" అన్నాడు. ఆయన నూనె నిజంగానే మంచిది, నేను ఇంట్లో వాడతాను కూడా. కానీ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

ఎలాగంటే, వేరుశనగ నూనెలోనే కాదు, ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. అందరి దగ్గరా లేనిదాన్ని నా దగ్గరే లేదన్నట్టు చెప్పుకోవడం తప్పుదోవ పట్టించడమే, అలా సహజంగానే లేని పోషకం గురించి ఎలా రాయాలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్రకటనల నిబంధనల్లోనే ఉంది. గుండెకు మంచిది అన్నది ఆరోగ్య క్లెయిమ్, దానికి శాస్త్రీయ ఆధారం కావాలి. పైగా వంట నూనెల విషయంలో ‘యాంటీ కొలెస్ట్రాల్’, ‘సూదింగ్ టు హార్ట్’, ‘డబుల్ రిఫైన్డ్’ లాంటి మాటలు వాడకూడదని నిబంధనల్లో విడిగా పేర్లు పెట్టి మరీ నిషేధించారు. 100% అన్న మాట లేబుళ్ల మీద, ప్రచారంలో వాడొద్దని 2025 మేలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సలహా జారీ చేసింది. ప్యూర్, నేచురల్, ఫ్రెష్, ట్రెడిషనల్ అనే మాటలకు కూడా ఎప్పుడు వాడాలో షరతులున్నాయి.

చివరికి ఆయన యాడ్‌లో మిగిలింది ఏంటంటే, ‘చెక్క గానుగలో ఆడించిన వేరుశనగ నూనె, ఏ మండలం కాయలో ఆ పేరు, ఆడించిన తేదీ సీసా మీద చూడండి’. పక్కన గానుగ ఫొటో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు. నా దృష్టిలో ముందుదాని కంటే ఇదే మంచి యాడ్, కాకపోతే ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. ఇంకొకటి, ఆయన ‘కేవలం 299’ అని పెద్దగా వేయమన్నాడు, ఎంతకు 299 అన్నది లేదు. ప్యాకెట్ సరుకు ధర యాడ్‌లో వేస్తే నికర పరిమాణం కూడా వేయాలని లీగల్ మెట్రాలజీ చట్టం చెప్తుంది. చిన్న సంగతే, కానీ తూనికలు కొలతల వాళ్లకు కేసు రాయడానికి ఇంతకన్నా తేలికైంది ఉండదు.

బంగారం. ప్రొద్దుటూరులో ఇప్పటికీ కొన్ని బోర్డుల మీద ‘916 కేడీఎం’ అని కనిపిస్తుంది. కేడీఎం అనేది కాడ్మియం కలిపిన టంకం, హాల్‌మార్క్‌కు దానికి సంబంధం లేదు, రెండూ కలిపి రాస్తే కొనేవాడికి రెండూ ఒకటే అనిపిస్తుంది, సమస్య అక్కడే. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ, అంటే నగ నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత, హెచ్‌యూఐడీ, ఈ మూడే ఉంటాయి. ‘హాల్‌మార్క్ నగలు’ అని యాడ్ వేసే ముందు షాపు బీఐఎస్ రిజిస్ట్రేషన్ కాపీ తీసుకోండి. ఫొటోషూట్‌కు ఇచ్చిన నగ ఒకటి పట్టుకుని దాని మీది హెచ్‌యూఐడీని మీ ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. రెండు నిమిషాల పని, యజమాని ముందే చేయండి. నిక్కచ్చిగా వ్యాపారం చేసేవాడైతే సంతోషిస్తాడు. ముఖం ముడుచుకుంటే మీకు అర్థమైపోతుంది. ధర్మవరం పట్టు చీరలకు కూడా ఇంతే, ‘సిల్క్ మార్క్’ అని వేయమంటే వాళ్లు ఆ గుర్తు ఇచ్చే సంస్థలో నమోదైన అధీకృత వాడకందారులో కాదో కాగితం అడగండి.

కోచింగ్ సెంటర్లు. ఒకే అబ్బాయి ఫొటో మూడు ఇన్‌స్టిట్యూట్ల ఫ్లెక్సీల మీద నవ్వుతూ ఉండటం మన రోడ్ల మీద మామూలే. 2024 నవంబర్‌లో సీసీపీఏ కోచింగ్ రంగానికి విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన తర్వాతే, రాతపూర్వకంగా, ఆ అభ్యర్థి అనుమతి ఉండాలి. చేరేటప్పుడే ఫారం మీద సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఫొటో పక్కన పేరు, ర్యాంకు, ఏ కోర్సు, దానికి ఫీజు కట్టాడా లేదా అన్నవి ఉండాలి. ఢిల్లీ ఐఏఎస్ కోచింగ్ సంస్థలకు పడిన జరిమానాల్లో ఎక్కువ ఇలాంటివే, ఉచిత మాక్ ఇంటర్వ్యూకు వచ్చిన ర్యాంకర్‌ను తమ దగ్గరే మొత్తం చదివినట్టు చూపించారు. బ్యాంకు కోచింగైనా, డీఎస్సీ కోచింగైనా ఇదే లెక్క.

ఆస్పత్రులు, మందులు. దీంట్లో నాకు అసలు సడలింపు లేదు. షుగర్‌కు శాశ్వత నివారణ, పిల్లలు పుట్టడానికి గ్యారంటీ మందు లాంటివి ఎంత డబ్బు ఇచ్చినా తీసుకోను. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో జబ్బుల జాబితా ఉంది, వాటికి మందు ఉందని ప్రకటన వేయడమే నేరం, మందు పని చేస్తుందా లేదా అన్న చర్చే రాదు, అందులో షుగర్ ఉంది. స్కానింగ్ సెంటర్ల కరపత్రంలో లింగ నిర్ధారణను సూచించే ఒక్క మాట ఉన్నా మూడేళ్ల దాకా జైలు. అల్లోపతి డాక్టర్లకైతే వాళ్ల వృత్తి నియమావళి ప్రకారం ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు ఇచ్చే ప్రకటన లాంటివి తప్ప సొంత డబ్బా కుదరదు. హోర్డింగ్ మీద చేతులు కట్టుకుని నిలబడిన డాక్టర్ ఫొటో వేసేముందు ఆయన్నే అడగండి, చాలామందికి తెలుసు, తెలిసే వేయిస్తారు.

రియల్ ఎస్టేట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు లేకుండా యాడ్ వేయొద్దు. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రిజిస్ట్రేషన్ కావాలి, రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా యాడ్‌లో ప్రముఖంగా కనిపించాలి. ‘ప్రీ లాంచ్’ అంటే రిజిస్ట్రేషన్ కాలేదనే అర్థం. ‘ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు 5 నిమిషాలు’ అని వేయమంటారు, నేను కిలోమీటర్లు రాయమంటాను. నిమిషాలు ఎవడు నడిపే బండిని బట్టి మారతాయి, కిలోమీటర్లు మారవు.

మన తెలుగు యాడ్స్‌లో అందరూ చేసే తప్పు ఇంకొకటి ఉంది, దాదాపు ఏ పేపర్ తీసినా కనిపిస్తుంది. హెడ్డింగ్ తెలుగులో అర పేజీ, కింద నక్షత్రం గుర్తు పెట్టి ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత కండిషన్లు. క్లెయిమ్ ఏ భాషలో ఉంటే డిస్‌క్లెయిమర్ కూడా అదే భాషలో, అదే ఫాంట్‌లో ఉండాలని 2022 మార్గదర్శకాల్లో ఉంది. పైగా డిస్‌క్లెయిమర్ వివరణ ఇవ్వాలే తప్ప పైన చెప్పినదాన్ని కాదనకూడదు. ‘అన్నిటిపై 50%’ అని పైన, ‘ఎంపిక చేసిన వాటిపై’ అని కింద, ఇది కుదరదు.

‘ఐఎస్‌ఓ సర్టిఫైడ్’ అన్నది కూడా మన ఊళ్లలో జబ్బులా పట్టుకుంది, మిఠాయి కొట్టు నుంచి టైలర్ షాపు దాకా. జెనీవాలోని ఐఎస్‌ఓ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణాలు రాస్తుంది అంతే. సర్టిఫికెట్ ఇచ్చేది వేరే సంస్థలు, ఆ సంస్థలకు గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి, మన దేశంలో ఆ గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీసీబీ. రెండు రోజుల్లో మెయిల్‌లో వచ్చే సర్టిఫికెట్ల మీద ఎన్‌ఏబీసీబీ ముద్ర గానీ, ఇతర దేశాల్లో దానికి సాటి గుర్తింపు సంస్థ ముద్ర గానీ ఏదీ ఉండదు. ఉన్నా కూడా ఐఎస్‌ఓ 9001 అంటే పని పద్ధతికి ఇచ్చింది, లడ్డూ నాణ్యతకు కాదు. మీకు ఫోన్ చేసినవాళ్లు ఇచ్చేది కూడా చివరికి ఇలాంటిదే అయి ఉంటుందని నా అనుమానం. టెండర్లకు నిజంగా అవసరమైతే తీసుకోండి, అప్పుడు సరైన చోట తీసుకోండి.

ఫైలు ఎలా పెట్టాలో చెప్తాను. నా దగ్గర ప్రతి యాడ్‌కూ ఒక క్లెయిమ్ షీటు ఉంటుంది, ఎక్సెల్‌లో నాలుగు గళ్లు. మొదటి గడిలో యాడ్‌లోని మాట ఉన్నది ఉన్నట్టు. రెండో గడిలో దానికి ఆధారం, అంటే లైసెన్స్, ల్యాబ్ రిపోర్టు, అనుమతి లేఖ, ఏదైతే అది. మూడో గడిలో ఆ కాగితం తేదీ, గడువు. నాలుగో గడిలో ఎవరిచ్చారు. ‘రాయలసీమలో నంబర్ 1’ అన్న మాటకు ఎదురుగా రెండో గడి ఖాళీగా ఉంటే అది యాడ్‌లోంచి పోతుంది, క్లయింట్‌తో వాదన అక్కర్లేదు, షీటు చూపిస్తే చాలు. ల్యాబ్ రిపోర్టైతే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబా, శాంపిల్ ఏ బ్యాచ్‌ది అన్నది చూడండి, మూడేళ్ల కిందటి రిపోర్టుతో ఈ ఏడాది నూనె అమ్ముతుంటారు. ఫైనల్ ప్రూఫ్ మీద క్లయింట్ సంతకం, తేదీ. వాట్సాప్‌లో ‘ఓకే అన్నా’ అన్నది కూడా స్క్రీన్‌షాట్ తీసి అందులోనే పెట్టండి, ఏమీ లేనిదానికంటే నయం. "ఎవరు చూస్తారులే, వేసెయ్యి" అన్నవాళ్లే రేపు "నువ్వు చెప్పాలి కదా" అంటారు.

ఇక కంపెనీ ఆడిట్. ఇది చట్టానికి సంబంధించింది కాదు, డబ్బుకు సంబంధించింది, కానీ ఏజెన్సీలు మునిగేది ఎక్కువ ఇక్కడే. సిమెంటు, పైపులు, మోటార్లు, బైకుల కంపెనీలు డీలర్ పెట్టిన యాడ్ ఖర్చులో కొంత వాటా తిరిగి ఇస్తాయి. ఇచ్చే ముందు బయటి ఆడిటర్‌ను పంపుతాయి. వాళ్లు అడిగేవి: రిలీజ్ ఆర్డర్ (యాడ్ వేయమని పత్రికకు మనం ఇచ్చే ఆర్డర్), యాడ్ పడిన పేజీ, అంటే టియర్ షీటు, ఫొటో కాపీ కాదు ఒరిజినల్, మన బిల్లు, పత్రిక బిల్లు, జీఎస్టీ సరిపోలడం. పత్రికల్లో స్థలానికి 5 శాతం, హోర్డింగులు, డిజిటల్, మిగతావాటికి 18 శాతం, రెండూ ఒకే బిల్లులో కలిపేసి గందరగోళం చేస్తే అక్కడే ఆగిపోతుంది. పత్రిక సర్క్యులేషన్‌కు ఆధారం అడిగితే ఏబీసీ సర్టిఫికెట్ చూపాలి. 1948లో మొదలైన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఆరు నెలలకోసారి లెక్క ఇస్తుంది, మీరు చూపేది ఆ యాడ్ వేసిన కాలానికి దగ్గరిది కావాలి. ఏబీసీలో లేని చిన్న పత్రికైతే ముందే కంపెనీ నుంచి మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకోండి.

గోడ పెయింటింగులు అసలైన తలనొప్పి. ఒక కంపెనీకి పల్లెల్లో గోడలు రాయించే పని మాకు తెలిసిన ఒక ఏజెన్సీ చేసింది, పెయింటర్ల బ్యాచ్‌కు ఒప్పజెప్పి ఫొటోలు తెప్పించుకుంది. ఆడిటర్ ఒక పిల్లవాడు, పాతికేళ్లుంటాయి, లాప్‌టాప్‌లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి ఏమీ మాట్లాడకుండా చూపించాడు. రెండు వేర్వేరు ఊర్ల పేర్లు. రెండింట్లోనూ గోడకు ఆనించిన అదే ఎర్ర బైకు, సీటు మీద అదే చిరుగు, పైన అదే వేపకొమ్మ. కెమెరాను కొంచెం పక్కకు జరిపి తీశారు, అంతే. ఆ బ్యాచ్ రాసిన గోడలన్నిటి బిల్లూ ఆపేశారు, రాసినవి కూడా. అప్పటి నుంచి మేం జీపీఎస్, టైము పడే కెమెరా యాప్‌తోనే తీయిస్తున్నాం. గోడకు మూడు ఫొటోలు: రాయకముందు, రాసిన తర్వాత దగ్గర నుంచి, వీధి మొత్తం కనిపించేలా దూరం నుంచి. ఇంటి యజమాని సంతకంతో ఒప్పుకోలు కాగితం, ఫోన్ నంబరు. ప్రభుత్వ గోడలు, బడి గోడలు ఎవరు రాయమన్నా రాయొద్దు.

హోర్డింగుల దగ్గర మాత్రం కాగితాలతో ఆగకండి. కార్పొరేషన్ అనుమతి, స్థల యజమానితో ఒప్పందం, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన స్థిరత్వ సర్టిఫికెట్, ఈ మూడూ ఉండాలి, సరే. కానీ 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో 120 అడుగుల హోర్డింగ్ పెట్రోల్ బంకు మీద పడి 17 మంది చనిపోయారు, దాన్ని పెట్టిన యాడ్ కంపెనీ నడిపినాయన అరెస్టయ్యాడు. మన సీమలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి లేచే గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం మొదలయ్యేలోపు బేస్ ప్లేటు బోల్టులు, వెల్డింగులు, తుప్పు మనిషిని ఎక్కించి చూపించండి, తేదీతో ఫొటోలు పెట్టుకోండి. సైటు మీది కాకపోయినా, వేరేవాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్నా వాళ్ల సర్టిఫికెట్ కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆ సైటు వద్దు. 44వ జాతీయ రహదారి పక్కన రోడ్డు సరిహద్దు లోపల పెట్టిన సైట్లు చవగ్గా వస్తాయి, ఎందుకు చవకో అర్థం చేసుకోండి.

మిగతావి ఊరికే గుర్తుంచుకోండి. థియేటర్లో వేసే వీడియో యాడ్‌కు సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, లోకల్ షాపుదైనా సరే. బల్క్ ఎస్‌ఎంఎస్‌కు టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో క్లయింట్ పేరు, హెడర్ (మెసేజ్ పైన కనిపించే పంపినవాళ్ల పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) నమోదు చేయాలి, మీ హెడర్ మీద ఇంకొకరి మెసేజ్ పంపొద్దు. డబ్బో, ఉచిత సరుకో తీసుకుని రీల్ చేసినవాళ్లు అది ప్రకటన అని స్పష్టంగా కనిపించేలా వేయాలి, పది హ్యాష్‌ట్యాగుల మధ్య దాచకూడదు. ఎలక్షన్ టైములో టీవీ, కేబుల్, సోషల్ మీడియా యాడ్‌కు జిల్లా ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనలు పరిశీలించే కమిటీ) ముందస్తు ఆమోదం కావాలి, కరపత్రం మీద ముద్రించినవాళ్ల, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి, అది లేకపోతే ప్రెస్సువాడితో పాటు మీరూ తిరగాల్సి వస్తుంది.

లక్కీ డ్రా సంగతి. నేనైతే వేయను. సరుకు అమ్ముడుపోవడానికి లాటరీ, అదృష్టం మీద ఆధారపడే పోటీ పెట్టడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అందరూ చేస్తున్నారు కదా అంటారు, చేస్తున్నారు, ఎవరైనా ఫిర్యాదు ఇచ్చేదాకా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఒక్క ఫోన్ చాలు. మీ బట్టల షాపు ఆయనకు ఇలా చెప్పి చూడండి: డ్రాకు పెట్టే బైకు డబ్బుతో, ఇంత మొత్తం కొన్న ప్రతి ఒక్కరికీ ఖాయంగా ఒక వస్తువు ఇవ్వండి, స్టీలు డబ్బానో దుప్పటో. అప్పుడు యాడ్‌లో ఎంత కొనుగోలుకు ఏ వస్తువు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాయాలి, ఉచితం అన్నాక దానికి ప్యాకింగ్ చార్జీలని రూపాయి కూడా తీసుకోకూడదు. ఎన్ని వస్తువులు తెప్పించారో ఆయన దగ్గర కొనుగోలు బిల్లు కాపీ తీసుకుని, స్టాక్ పరిమితమైతే ఆ మాట హెడ్డింగ్ పక్కనే తెలుగులో వేయండి. ఇక్కడ ఒక షాపులో పండగ రెండో రోజుకే డబ్బాలు అయిపోయి, కౌంటర్ మీద పేపరు యాడ్ పరిచి జనం సాయంత్రం దాకా కదల్లేదు.